మిగిలిన యాభై ఇద్దరు

ఆస్పత్రిలో చేరినవాడికి తీరికే తీరిక. పైకప్పు మీద పగుళ్ళు లెక్కపెట్టడం అయిపోయాక వచ్చేపోయేవాళ్ళకి పేర్లు పెట్టడం మొదలుపెడతాడు. అతను ఇంటికి వెళ్ళిపోతాడు, పేరు మాత్రం మంచంతోపాటు పక్కవాడికి దక్కుతుంది. ఆ సర్జరీ వార్డులో అలా చేతులు మారుతూ చెక్కుచెదరకుండా నిలిచిన పేరు ఒకటుంది. దిండ్ల సిస్టర్. వినగానే, ఎవరో తలకింద మెత్తగా దిండు సర్దే చల్లని తల్లి అనుకుంటారు కొత్తవాళ్ళు. ఆవిడ చేసేది దిండు లాక్కోవడం అని మొదటిరోజే తెలిసొస్తుంది.

నడుములో మత్తు ఇంజక్షన్ ఇచ్చి ఆపరేషన్ చేసిన మనిషి ఎవరైనా సరే, వార్డుకి వచ్చాక పన్నెండు గంటలు తలకింద దిండు లేకుండా బల్లపరుపుగా పడుకోవాలి. లేకపోతే లేచి కూర్చున్నప్పుడు తల పగిలిపోయే నొప్పి వస్తుందని ఆ ఆస్పత్రి నియమం. దిండ్లన్నీ ఇనప బీరువాలో ఉండేవి, బీరువా తాళంచెవి సిస్టర్ నడుముకి ఉండేది. చుట్టాలు ఇంటినుంచి తెచ్చిన దిండ్లు, మడతపెట్టిన దుప్పట్లు, శాలువాలు, ఒకసారైతే టవల్లో చుట్టిన చెప్పుల జత, అన్నీ ఆవిడ చేతికి చిక్కినవే. కోప్పడేది కాదు. ‘రేపు పొద్దున మీరే నాకు దండం పెడతారు’ అని తీసుకుపోయేది.

ఈ నియమం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగినవాళ్ళకి ఆవిడ వరండాలోకి చెయ్యి చూపించేది. అక్కడ, నీళ్ళ కుళాయికి ఎదురుగా, నాలుగడుగుల గాజు ఫ్రేములో ఒక పోస్టరు. నీలం అంచు, రెండు స్తంభాల బొమ్మ, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. దిండు పెట్టుకున్న ముప్ఫై నలుగురిలో తొమ్మిదిమందికి తలనొప్పి, పెట్టుకోని ముప్ఫై నలుగురిలో ముగ్గురికే. మూలన మెడలో పతకం వేసుకుని నవ్వుతున్న కుర్ర డాక్టరు ఫొటో.

ఆ ఫొటోలోని మనిషిని వార్డంతా సన్నడాక్టరు అనేది. గాలొస్తే పట్టుకోవాల్సినంత సన్నం. మత్తు డాక్టరు కావడానికి చదువుతున్న రోజుల్లో, పన్నెండేళ్ళ కిందట, అట్టపెట్టె నిండా కవర్లు తెచ్చి సిస్టర్ బల్లమీద పెట్టాడు.

“నూట ఇరవై ఉన్నాయి సిస్టర్. సగం కవర్లలో దిండు అని ఉంటుంది, సగంలో వద్దు అని. పేషెంటు రాగానే వరసలో ఒకటి చింపి చూడండి. మూడురోజులు తలనొప్పి ఉందా అని అడిగి రాయండి. మీ ఇష్టం వచ్చినట్టు మార్చకండి.”

“నా ఇష్టం ఎవడికి కావాలి నాయనా, ఇంట్లోనే దిక్కులేదు” అందావిడ.

రాసింది. దిండు ఇస్తే దాని గలీబు లాండ్రీ లెక్కలోకి రావాలి కాబట్టి దుప్పట్ల రిజిస్టరు చివరి పేజీల్లోనే గీతలు కొట్టి, మంచం నంబరు, ‘ది’ లేదా ‘వ’, ఎదురుగా మూడురోజులకి మూడు గుర్తులు వేసింది. సన్నడాక్టరు దాన్ని తన పుస్తకంలోకి ఎక్కించుకునేవాడు.

కాన్ఫరెన్సులకి ఒక విచిత్రమైన తొందర ఉంటుంది. సభ చలికాలంలో అయితే, అక్కడ చెప్పబోయేదాని సారాంశం ఎండాకాలంలోనే పంపాలి. వంట పూర్తికాకుండానే రుచి చెప్పమన్నట్టు. గడువునాటికి అరవై ఎనిమిది కవర్లే చిరిగాయి. సన్నడాక్టరు వాటితోనే అరపేజీ రాసి పంపాడు. ఒప్పుకున్నారు. సభకి వెళ్ళి బల్లల మధ్య, టీ కప్పుల మధ్య, మెడల్లో పేరుబిళ్ళలు వేలాడేసుకున్న వందలమంది మధ్య, బోర్డుకి తగిలించిన తన పోస్టరు పక్కన నిలబడి ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు. పతకం వచ్చింది. ఏ దేశంలో ఏ సభకి వెళ్ళినా ఇదే తంతు: చప్పట్లు ఉంటాయి, ప్రశ్న అడిగేలోపు గంట మోగుతుంది, సాయంత్రానికి బోర్డులమీద మేకులు మిగులుతాయి. ఆ మాటల్లో ఎన్ని చివరికి పుస్తకంలోకి ఎక్కుతాయో అడిగేవాడు ఉండడు.

సన్నడాక్టరు తిరిగొచ్చేసరికి మిగతా యాభై రెండు కవర్లూ పూర్తికావచ్చాయి. అతని చదువూ పూర్తయింది. పోస్టరు ఆస్పత్రికి ఇచ్చేసి, “పేపరు రాస్తున్నాను సిస్టర్, అచ్చయ్యాక పంపిస్తా” అని దూరపు ఊరికి వెళ్ళిపోయాడు. ఆర్నెల్లకి అప్పటి సూపరింటెండెంటుకి ఆ పోస్టరు కంటపడింది. మన ఆస్పత్రికి పతకం తెచ్చిన పరిశోధన మన ఆస్పత్రిలోనే పాటించకపోతే ఎట్లా అన్నాడు. మూలన పతకంతో దిగిన ఫొటో అతికించి ఫ్రేము కట్టించాడు. నియమం పెట్టాడు. తాళంచెవి సిస్టర్ కిచ్చాడు.

అది పదకొండేళ్ళు నడిచింది. సిస్టర్ రిటైరవడానికి ఏడు నెలలుందనగా, పద్నాలుగో నంబరు మంచంమీదికి ఆవిడ సొంత అక్క వచ్చిపడింది.

అక్క దర్జీ. ఇద్దరూ రెండు గదుల మేడమీది ఇంట్లో కలిసే ఉంటారు. నలభై ఏళ్ళు కుట్టుమిషను మీద వంగి వంగి అక్క మెడ ఒక పక్కకి పట్టేసింది. దిండు లేకపోతే ఆ మెడ మాట వినదు. కడుపులో పేగు జారిందని హెర్నియా ఆపరేషన్ చేశారు, నడుములో సూది ఇచ్చి. స్పృహలోనే ఉండి, డాక్టర్లు ఏంమాట్లాడుకున్నారో అంతా విని మరీ వచ్చింది.

“ఏదీ, దిండియ్యి” అంది రాగానే.

“పన్నెండు గంటలు వద్దక్కా.”

“నా మెడ సంగతి నీకు తెలీదూ?”

“తెలుసు. కానీ రూలు.”

“ఇంట్లో చెల్లెలివి, ఇక్కడ జైలరువా?” అక్క కళ్ళు పైకప్పుకేసే ఉన్నాయి, తల తిప్పలేదు గదా. “ఎవడు పెట్టాడే ఈ రూలు?”

“వరండాలో ఉంది, పరిశోధన చేశారు. నేనే లెక్క రాశాను.”

“ఏ పుస్తకంలో పడింది?”

“కాన్ఫరెన్సులో చెప్పారు. పతకం వచ్చింది.”

“చెప్పారు సరే. పడిందా అని అడుగుతున్నా. నేను జాకెట్టు కుడతానని వందమందికి చెప్పొచ్చు, కుట్టిందాన్ని కదా వేసుకునేది.”

పక్క మంచంమీది ఆవిడ కుట్లు పట్టుకుని నవ్వింది. సిస్టర్ నవ్వలేదు. అక్క తనవెంట తెచ్చుకున్న శాలువాని మడతపెట్టి మెడకింద దూర్చుకోబోతే, అలవాటైన చెయ్యి అలవాటుగా దాన్ని లాగేసింది. మర్నాడు అక్కకి తలనొప్పి రాలేదు. మెడ మాత్రం నాలుగురోజులు కదల్లేదు. నాలుగురోజులూ సిస్టరే మెడకి నూనె రాసింది, అక్క ఒక్కమాటా అనకుండా రాయించుకుంది. అక్క మాటలు ఆపిందంటే తిట్టినదానికంటే ఎక్కువ.

అయిదోరోజు డ్యూటీ దిగాక సిస్టర్ కాలేజీ లైబ్రరీకి వెళ్ళింది. అక్కడి లైబ్రేరియన్ కళ్ళజోడు తాడుకి కట్టుకుని, తాడుని చొక్కా గుండీకి కట్టుకుని, అయినా రోజుకోసారి కళ్ళజోడు వెతుక్కునే పెద్దమనిషి.

“అన్నయ్యగారూ, దిండు సంగతి ఒకటి ఎప్పుడో ఏదో పత్రికలో పడి ఉంటుంది, చూసిపెడతారా?” అని సన్నడాక్టరు పేరు, సంవత్సరం చెప్పింది.

ఆయన కంప్యూటర్లో చాలాసేపు వెతికాడు. పాత సంపుటాల సూచికలు కూడా తిరగేశాడు.

“లేదమ్మా. అచ్చుకాలేదు.”

“పతకం వచ్చింది కదండీ.”

“పతకానికీ అచ్చుకీ సంబంధమేముంది?” ఆయన గోడ బీరువాలోంచి ఒక నోటుపుస్తకం తీశాడు. “నాకిదొక పిచ్చి. మన కాలేజీవాళ్ళు బయట సభల్లో చదివొచ్చినవన్నీ రాసుకుంటా. తర్వాత పత్రికల్లో వచ్చాయా అని చూసి టిక్కు పెడతా. ఈ పదిహేనేళ్ళలో తొంభై మూడు చదివారు. టిక్కులు ముప్ఫై ఆరు. మనవాళ్ళే బద్ధకస్తులనుకోకు, వేరే దేశాలవాళ్ళు వేసిన లెక్కలూ చదివాను, వాళ్ళకీ సగానికి తక్కువే.”

“మిగతావి ఏమవుతాయి?”

“ఏముంది. ఒకడికి ఉద్యోగం వస్తుంది, ఒకత్తెకి బిడ్డ పుడుతుంది, ఇంకొకడి ప్రొఫెసరు అలుగుతాడు. చాలావాటికి మాత్రం చివరిదాకా లెక్కవేస్తే ఏమీ తేలదు. తేలనిదాన్ని రాయడానికి బుద్ధి పుట్టదు. తప్పని కాదు, అబద్ధమనీ కాదు. ఆ సాయంత్రం అక్కడున్నవాళ్ళ చెవిలో ఉండిపోతాయంతే.”

“మాది చెవిలో ఉండిపోలేదండీ” అంది సిస్టర్ మెల్లగా. “గోడెక్కింది.”

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఆవిడ దేనికోసమో గదంతా చూపులతోనే గాలిస్తుంటే అక్క అడిగింది, “ఏం పోగొట్టుకున్నావే?”

“పాత దుప్పట్ల రిజిస్టరు. వార్డుకి సున్నాలేసినప్పుడు పారేస్తుంటే తెచ్చాను. దాని వెనక ఆ లెక్క ఉంది.”

“తెచ్చి నాకిచ్చావు గదా. మిషను ఊగుతోందంటే.”

కుట్టుమిషను పొట్టికాలు కింద, తొమ్మిదేళ్ళుగా, అట్ట నలిగి నల్లబడి ఆ రిజిస్టరు ఉంది. ఇద్దరూ కలిసి మిషనెత్తి దాన్ని లాగారు. చివరి పేజీల్లో గీతలు చెక్కుచెదరలేదు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఆ నూట ఇరవైమందినీ అడిగింది సిస్టరే, గుర్తులు వేసింది సిస్టరే. కానీ ఒక్కనాడూ ఆవిడ వాటిని కూడి చూడలేదు. రాయడం తన పని, కూడటం డాక్టర్ల పని అనుకుంది. అలాంటి అనుకోళ్ళమీదే సగం లోకం నడుస్తుంది. ఓడలో నేల కడిగేవాడికి ఓడ ఎటు పోతోందో తెలియాల్సిన పనిలేదు, చుక్కాని పట్టినవాడికి నేల తడిసిందో లేదో తెలియాల్సిన పనిలేదు, ఓడ పోతూనే ఉంటుంది.

అక్క గుండీల డబ్బా బోర్లించింది. “నువ్వు చదువు, నేను పెడతా. తలనొప్పొచ్చినవాళ్ళకి ఎర్రగుండీ, రానివాళ్ళకి తెల్లగుండీ. దిండువాళ్ళు ఈపక్క, దిండులేని అభాగ్యులు ఆపక్క.”

అరవై ఎనిమిదిదాకా పోస్టరులో ఉన్నట్టే వచ్చింది. ఈపక్క తొమ్మిది ఎరుపు, ఆపక్క మూడు. సిస్టర్ కి ఊపిరి కొంచెం తేలికైంది. “చూశావా” అంది.

“ఇంకా ఉన్నాయి గదా, చదువు.”

చదివింది. మిగిలిన యాభై ఇద్దరూ గుండీలై చాపమీదికి వచ్చారు. దిండువాళ్ళలో ఇద్దరికే వచ్చింది తలనొప్పి. దిండులేనివాళ్ళలో ఏడుగురికి. చివరి గుండీ పెట్టి అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. అరవైమందిలో పదకొండు. అరవైమందిలో పది.

వెక్కిరిస్తుందనుకున్న అక్క వెక్కిరించలేదు. “ఒక్క గుండీ తేడా” అని మాత్రం అంది.

సిస్టర్ మనసులో వేరే లెక్క నడుస్తోంది. రోజుకి ముగ్గురనుకున్నా ఏడాదికి వెయ్యికి పైన. పదకొండేళ్ళకి పన్నెండువేల మెడలు. దిండు లేకపోతే ఎవరూ చచ్చిపోరు, నిజమే. కానీ ఒక ముసలాయన ఉండేవాడు, పొడుగాటి చేతులు, ఊరికే ఆయాసం వచ్చేది. ‘కాస్త ఎత్తు పెట్టమ్మా, నీకు పుణ్యముంటుంది’ అని గంటగంటకీ అడిగాడు. ఆవిడ గంటగంటకీ నవ్వుతూ కాదంది. నాలుగోసారి ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఇంటికి వెళ్ళేదాకా ఆవిడతో మాట్లాడలేదు. అప్పుడావిడకి అది మొండితనంలా కనిపించింది.

సన్నడాక్టరు నంబరు లైబ్రేరియన్ సంపాదించిపెట్టాడు. ఫోన్లో అతని గొంతు లావెక్కింది, మనిషీ ఎక్కే ఉంటాడు.

“దిండ్ల సిస్టరా? ఇంకా ఆ పేరే ఉందా మీకు?”

“కవర్ల రోజుల్లో పేషెంట్లు పెట్టింది, పోలేదండీ. డాక్టర్ గారూ, ఆ నూట ఇరవై మీరు కూడారా?”

“కూడాను సిస్టర్. ఇక్కడికొచ్చిన మొదటినెలలోనే. ఏమీ తేలలేదు.”

“మరి రాయలేదే?”

“ఏమని రాయను? దిండు పెట్టినా ఒకటే, తీసినా ఒకటే అంటే ఏ పత్రికవాడు వేస్తాడు? పైగా పతకం తీసుకున్న ముఖంతో. తర్వాత పని, పిల్లలు... సొరుగులో ఉండిపోయింది. అయినా ఒక పోస్టరు, ఎవరు చూశారు, ఎవరికి గుర్తుంది?”

“నాకు. మా వార్డుకి. మీరు వెళ్ళిన ఆర్నెల్లకి రూలు పెట్టారండీ. పదకొండేళ్ళుగా ఒక్కడికీ దిండివ్వలేదు నేను.”

అతనికి నిజంగానే తెలియదు. ఏమీ తేలలేదని ఆవిడకి తెలియదు, రూలు పెట్టారని అతనికి తెలియదు. రెండు తెలియకపోవడాల మధ్య పన్నెండువేలమంది పైకప్పు చూస్తూ పడుకున్నారు.

“ఏమీ తేలలేదన్నదే తేలింది గదా డాక్టర్ గారూ” అంది సిస్టర్. “రెండూ ఒకటే అని ఎవరైనా చెప్పుంటే అడిగినవాళ్ళకి ఇచ్చేదాన్ని. అంతే గదా నాకు కావాల్సింది.”

“నా పుస్తకం కూడా పోయింది సిస్టర్, ఇల్లు మారినప్పుడు.”

“నా రిజిస్టరుంది. మిషను కింద.”

సూపరింటెండెంటు కొత్తాయన, మర్యాదస్తుడు. రిజిస్టరు ప్రతిపేజీ తిప్పి చూశాడు. చూసి, మూసి, రెండు చేతులూ దానిమీద పెట్టాడు.

“మీ మాట నేను నమ్ముతున్నాను సిస్టర్. కానీ రేపు ఒకరికి తలనొప్పొచ్చి గొడవపడితే, దుప్పట్ల లెక్కల పుస్తకం చూసి రూలు తీసేశామని చెప్పమంటారా? అచ్చయిన కాగితం ఒకటి తీసుకురండి, ఆరోజే సంతకం పెడతా.”

“పెట్టినప్పుడు అచ్చు అడగలేదు గదండీ సార్. గోడమీద బొమ్మ చాలింది.”

ఆయన రిజిస్టరుని మెల్లగా ఆవిడవైపు జరిపాడు. ఏ ఇంట్లోనైనా మేకు కొట్టడానికి ఒక దెబ్బ చాలు, పీకడానికే పనిముట్లు వెతుక్కోవాలి.

ఆవిడకింకా ఆరునెలల నౌకరీ ఉంది. ఆ ఆరునెలలూ ఆదివారాలన్నీ సన్నడాక్టరుతో ఫోన్లోనే గడిచాయి. ఆవిడ చదవడం, అతను ఎక్కించుకోవడం. మధ్యలో ఆగితే అక్క మిషను మీదనుంచే అరిచేది, “అతన్ని నిద్రపోనివ్వకే, మళ్ళీ సొరుగులో పెడతాడు.” పేజీలన్నీ ఫొటోలు తీసి పంపారు. మొదటి పత్రిక పదిరోజుల్లో తిప్పి పంపింది, పాతబడిన లెక్క అని. రెండోది నాలుగునెలలు పెట్టుకుని, ఇందులో కొత్తదనం లేదంది. సన్నడాక్టరు నీరసపడ్డాడు.

“వదిలేద్దామా సిస్టర్?”

“మీ ఫొటో ఇంకా మా వరండాలో నవ్వుతోంది” అందావిడ. అతను మూడో పత్రికకి పంపాడు.

వార్డులో ఆవిడేం చేసింది మరి? రూలు తప్పలేదు. బీరువా తెరవలేదు. ముప్ఫై నాలుగేళ్ళ నౌకరీలో చెప్పిన పని తప్పని మనిషి చివరి ఆర్నెల్లలో తప్పలేకపోయింది. కానీ పేషెంట్లు ఒక సంగతి గమనించారు. దిండ్ల సిస్టర్ కి చూపు మందగించింది. మడతపెట్టిన శాలువా మెడకింద ఉన్నా కనిపించేది కాదు. దుప్పటి నాలుగు మడతలేసి పెట్టుకున్నా కనిపించేది కాదు. రూల్లో దిండనే గదా ఉంది. ఆయాసమున్నవాళ్ళ దగ్గరైతే తనే ఆగి, “చలిగా ఉందేమో, ఇంకో దుప్పటివ్వనా?” అని, అది ఎక్కడ పెట్టుకోవాలో చెప్పకుండా మంచంమీద పెట్టి వెళ్ళేది. ఒక పేషెంటు కళ్ళడాక్టరుకి చూపించుకోమని మనసారా సలహా ఇచ్చాడు.

రిటైరైనరోజు దండలూ మాటలూ అయ్యాక తాళంచెవి కొత్త సిస్టర్ చేతిలో పెట్టింది. ఇంకేదో చెప్పబోయి, చేతిలో కాగితం లేదు గనక, “బీరువా తలుపు బిగుసుకుంటుందమ్మా, కాస్త ఎత్తి లాగు” అని మాత్రం చెప్పింది.

పదినెలల తర్వాత ఒక పొద్దున లైబ్రేరియన్ ఫోను చేశాడు. “చెల్లెమ్మా, నా పుస్తకంలో ముప్ఫై ఏడో టిక్కు పెట్టా. సూపరింటెండెంటు సంతకమూ పెట్టేశాడు. వార్డు వరండాకి ఒకసారొచ్చి చూసుకో.”

అక్కని కూడా తీసుకెళ్ళింది. వరండాలో నీళ్ళ కుళాయికి ఎదురుగా అదే నాలుగడుగుల ఫ్రేము. పోస్టరు లేదు, ఫొటో లేదు. వెనకాల అట్టమీద పోస్టరు ఉన్నంతమేరా ఎండ తగలని తెలుపు. దాని మధ్యలో, పెద్ద మైదానంలో ఇద్దరు మనుషుల్లా, పత్రికలోంచి తీసిన రెండు పేజీలు. అక్షరాలు చీమలంత. పైన మూడు పేర్లు. మొదటిది సన్నడాక్టరుది. రెండోది అతని పాత ప్రొఫెసరుది, ఏం చేశాడని అడగకూడదు. మూడోది ఆవిడది, హాజరుపట్టీలో ఉండే పూర్తిపేరు. వార్డులో ఆ పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు.

కుళాయి దగ్గర సీసాలు పట్టుకుంటున్నవాళ్ళెవరూ ఫ్రేముకేసి చూడటం లేదు. పోస్టరుంటే ఆ నీలం రంగుకైనా చూసేవాళ్ళు.

“ఇంత పెద్ద ఫ్రేములో ఇంతేనా?” అంది అక్క.

“ఇంతే.”

“ఏమని రాశారు?”

“రెండూ ఒకటే అని.”

అక్క మెడ తిరగదు గనక ఒళ్ళంతా తిప్పి వార్డులోకి చూసింది. పద్నాలుగో మంచంమీద ఎవరో నడివయసు మనిషి, ఆపరేషనై వచ్చినట్టే ఉన్నాడు. దిండు తలకింద కాదు, పక్కన పెట్టుకుని దానిమీద చెయ్యేసి నిద్రపోతున్నాడు.

“చూశావా, ఇస్తే పెట్టుకోలేదు” అంది అక్క.

“అతనిష్టం” అంది సిస్టర్. లోపలికి వెళ్ళి, అది జారి కింద పడకుండా మంచం అంచునుంచి కాస్త లోపలికి జరిపి వచ్చింది.